బకెట్లో ఊరేగింపు

ఆ రోజు ఉదయం మీటరాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. రెండు వీధుల్లో నీటి మీటర్లు చూసుకోవడం, మధ్యాహ్నం భోజనం డబ్బా ముట్టకుండా ఈత కొలనుకు వెళ్ళడం, అక్కడ గోడకున్న ఇనుప కడ్డీని మొదటిసారిగా రెండు చేతులతోనూ వదిలేయడం. అంతే. 

నీటి సరఫరా శాఖలోనే ఆయన జుట్టు నెరిసింది. వార్డులో ఏ ఇంటి మీటరు ఏ గుంటలో ఉందో, ఏ మూత లేపితే బొద్దింకలు బిలబిలమంటూ వస్తాయో ఆయనకు కంఠతా వచ్చు. జనం ఆయన పేరే మరిచిపోయి మీటరాయన అనే పిలుస్తారు. అలాంటి మనిషికి గ్లాసులో నీళ్ళు తప్ప మరే నీళ్ళన్నా భయమే. ఈ సంగతి ప్రపంచంలో ఎవరికీ తెలియదు, ముఖ్యంగా ఆయన భార్యకు తెలియదు. పెళ్ళయిన కొత్తలో గొప్పకు పోయి, "కుర్రతనంలో నేను ఈతలో ఛాంపియన్ని, తెలుసా" అని ఒక కోత కోశాడు. ఆ ఇల్లాలు ఆ మాటను భద్రంగా దాచుకుని, ఇరుగమ్మకూ పొరుగమ్మకూ చెప్పి, కూతురికి చెప్పి, చివరికి మనవరాలికి కూడా చెప్పింది. ఇంకేముంది? ఒకనాడు మనవరాలు ఫోన్లో, "తాతయ్యా, సెలవులకి వస్తున్నా. నాకు ఈత నువ్వే నేర్పాలి. మా క్లాసులో అందరికీ చెప్పేశా" అని ప్రకటించేసింది. "ఓ, దానికేం భాగ్యం" అన్నాడు తాతయ్య. ఆ పూట ఆయనకు భోజనం సహించలేదు.

అందుకే రోజూ మధ్యాహ్నం ఒక గంట ఆ కొలను. పెద్దలకు ఆ వేళలో తరగతి లేదు గనక పిల్లల బ్యాచిలోనే చేరాడు. నడుముకు బాతు బొమ్మ ఉన్న గాలి ట్యూబు. "అంకుల్, ముక్కుతో కాదు, నోటితో ఊదండి బుడగలు" అని కోచ్ అమ్మాయి ఒడ్డున నిలబడి అరుస్తుంది. ముందుపళ్ళు ఊడిన పిల్లలు చుట్టూ చేరి "ఈ తాతకి ఇంకా బుడగలు కూడా రాలేదు" అని జాలిపడతారు. అయినా ఆ గంటంటే ఆయనకు ప్రాణం. ఉద్యోగం వచ్చాక, సంసారం పెరిగాక, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేని గంట ఆయనకు దొరకడం అదే మొదలు. పరువు పోతే పోయింది, ఆ పోవడమేదో తన ఇష్టప్రకారం, తాను ఎంచుకున్న చోట పోతోంది.

సంచీలో అడుగున ఈత నిక్కరు, దాని మీద మీటరు మూతలు లేపే కొక్కెం, ఆ పైన భోజనం డబ్బా సర్దుకుని ఆఫీసుకు వెళ్ళాడు. అక్కడ సూపరింటెండెంటు గారు సెక్షను మొత్తాన్ని గోడవారగా నిలబెట్టి ఉన్నారు.

"ఇవాళ్టి నుంచి అందరూ మీ ఫోన్లలో ఈ యాప్ వేసుకోవాలి. పేరు తోడునీడ. మన మంచి కోరి ప్రభుత్వం చేయించింది" అన్నారు ఆయన.

"ఏం చేస్తుంది సార్ ఇది?"

"మీరు ఎక్కడుంటే అక్కడ మీతోనే ఉంటుంది. నడిస్తే నడుస్తుంది. ఆగితే ఎందుకు ఆగారని అడుగుతుంది. మీ మాటలు కూడా వింటుంది. అదీ అవసరమైతేనే."

"అవసరమో కాదో దానికెలా తెలుస్తుంది సార్?"

"విన్నాక తెలుస్తుంది."

ఫోను తెర మీద రెండు మీటలు కనిపించాయి. ఒకదాని మీద 'అంగీకరిస్తున్నాను' అని ఉంది. రెండోదాని మీద 'కాసేపాగి అంగీకరిస్తాను' అని ఉంది. మూడోది ఎక్కడైనా దాక్కుందేమోనని మీటరాయన తెరను పైకీ కిందికీ తోసి చూశాడు. లేదు.

"భోజనం టైములోనైనా ఆపుకోవచ్చా సార్?" అని అడిగాడు నెమ్మదిగా.

"ఏమయ్యా, తప్పు చేయనివాడికి దాచుకోవడానికి ఏముంటుంది?" అన్నారు సూపరింటెండెంటు గారు. ఆ మధ్యాహ్నం ఆయన తన భోజనం డబ్బాను పక్కవాళ్ళకు కనపడకుండా మూత అడ్డం పెట్టుకుని తిన్నారు గాని, అది వేరే సంగతి.

మీటరాయన కొలనుకు వెళ్ళాడు. బాతు ట్యూబు తీసేశాడు. కళ్ళు మూసుకుని, కడ్డీ మీద నుంచి ఒక చేయి వదిలాడు. రెండోది వదలబోతుండగా ఒడ్డున సంచీలోంచి ఫోను మోగింది. కోచ్ అమ్మాయి తెచ్చి అందించింది. తేనెలో ముంచి తీసినట్టున్న ఒక ఆడగొంతు కొలనంతా వినపడేలా పలికింది.

"మిత్రమా! మీరు చాలాసేపటి నుంచి ఒకే చోట ఉన్నారు. మీకేమైనా అయిందా? ప్రాణాలతో ఉంటే ఒకటి నొక్కండి. లేకపోతే రెండు నొక్కండి."

తడి వేలు జారి రెండు నొక్కుకుంది. "మీ కుటుంబానికి మా ప్రగాఢ సానుభూతి" అని తోడునీడ మర్యాదగా పెట్టేసింది. మరుక్షణం సూపరింటెండెంటు గారు ఫోను చేశారు.

"బతికే ఉన్నావా?"

"ఉన్నాను సార్. వేలు జారింది."

"ఎక్కడున్నావ్?"

"నీళ్ళ దగ్గరే సార్."

"నీళ్ళ శాఖవాడివి నీళ్ళ దగ్గర కాక నిప్పుల దగ్గరుంటావా? ఏ వీధి అని అడుగుతున్నా."

మీటరాయన కొలను ఉన్న వీధి పేరు మాత్రం చెప్పి బయటపడ్డాడు గాని, ఒంటి మీద నీళ్ళెన్నో చెమట ఎంతో తేల్చుకోలేకపోయాడు. తాను చేస్తున్నది దొంగతనం కాదు, దోపిడీ కాదు. బుడగలు ఊదుతున్నాడు. ఆ మాత్రం దానికి ఆఫీసు, ప్రభుత్వం, ఆ తేనె గొంతు ఆవిడ అందరూ వచ్చి ఒడ్డున కూర్చోవడమెందుకని ఆయనకు మొదటిసారి ఒళ్ళు మండింది. తోడునీడకు తెలిస్తే ఆఫీసుకు తెలుస్తుంది, ఆఫీసుకు తెలిస్తే సాయంత్రానికల్లా ఇంట్లో తెలుస్తుంది. మనవరాలి క్లాసుకు తెలియడానికి ఇంకెంతసేపు?

ఇలాంటి వాటికి ఆయన బావమరిది ఉన్నాడు. ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకుని, లోకంలో ప్రతి ఫోనూ తన మీద కన్నేసిందని నమ్ముతూ బతికే మనిషి. తన ఫోను కెమెరాకు ప్లాస్టరు అంటించుకుంటాడు. ఇంటర్నెట్‌లో వారానికో పేరు మార్చుకుంటాడు. మొన్న వారం పేరు మరిచిపోయి తన ఖాతా తనే తెరవలేక నానా తంటాలు పడ్డాడు.

"ఇన్నాళ్ళకి నీ కళ్ళు తెరుచుకున్నాయి బావా" అన్నాడతను, కొట్టు తలుపు సగం మూసి. "ఇంతకీ నీకు దాచుకోవలసిన అవసరం ఏమొచ్చింది?"

భార్య తమ్ముడి దగ్గర కొలను మాట ఎత్తితే ఇంకేమైనా ఉందా? "ఎవరైనా చూస్తుంటే నాకు ముద్ద దిగదురా" అన్నాడు మీటరాయన.

"చాలు బావా, అదే ప్రాథమిక హక్కు. ఇదిగో చూడు, ఈ తోడునీడలోనే సలహాల పెట్టె ఉంది. పేరు చెప్పనవసరం లేదని రాశారు. మారుపేరుతో పంపిద్దాం. నేరుగా కాదు, ఐదు దేశాల మీదుగా తిప్పి పంపిస్తా. మీ వాళ్ళు తలకిందులుగా తపస్సు చేసినా కనిపెట్టలేరు."

'నీటిబొట్టు' అనే పేరు పెట్టుకుని, భోజన విరామంలో ఉద్యోగులను ఒంటరిగా వదిలేయవలసిందిగా ఎంతో వినయంగా ఒక సలహా రాశారు. అది ఐదు దేశాలూ చుట్టి ప్రభుత్వానికి చేరింది. మర్నాడు పొద్దున్నే జవాబు వచ్చింది.

"గౌరవనీయులైన నీటిబొట్టు గారికి, అనగా నీటి సరఫరా శాఖ మీటరు రీడరు గారికి, మీ సలహా అందింది. పేరు బయటపెట్టకూడదన్న మీ కోరికను మేము మనసారా గౌరవిస్తున్నాము. మీ బావమరిది గారిని అడిగామని చెప్పండి."

మీటరాయన ఆ ఫోను పట్టుకుని పరుగున కొట్టుకు వెళ్ళాడు.

"ఐదు దేశాలు తిప్పావు, బాగానే ఉంది. టైపు చేసింది ఎవరి ఫోన్లోరా?"

"నీ ఫోన్లోనే బావా."

"అందులో తోడునీడ కూర్చుని చూస్తూనే ఉందిగా?"

బావమరిది, "ఆ వైపు నుంచి ఆలోచించలేదు బావా" అని, వెంటనే కొట్టు పేరున్న బోర్డు దింపేసే పనిలో పడ్డాడు.

ఇక తన దారి తాను చూసుకోవలసిందేనని మీటరాయనకు అర్థమైంది. ఎండలో ఒక గేటు ముందు నిలబడి దిగులుపడుతుంటే చెత్తబండి వచ్చింది. బుల్లి బండి. ముందు డ్రైవరు, నెత్తిన మైకు. "అమ్మలారా, అయ్యలారా! చెత్తను బయటికి తీసుకురండి! ఇంట్లో దాచుకోకండి!" అని రికార్డు చేసిన పాట లాంటి కేక. అది మనిషి నడిచేంత నెమ్మదిగా కదులుతోంది. ప్రతి గేటు దగ్గరా కాస్త ఆగుతోంది. మళ్ళీ కదులుతోంది. వార్డులో ఏ సందునూ వదలడం లేదు. ఒళ్ళు దాచుకోకుండా పనిచేసే మీటరు రీడరు ఎలా తిరగాలో అచ్చం అలాగే తిరుగుతోంది.

మీటరాయన బండికి అడ్డం వెళ్ళి నిలబడ్డాడు. "ఈ ఫోన్ని ఒక గంట నీ బండిలో తిప్పి తెచ్చిస్తావా?"

"ఏం సార్, ఒంట్లో బాగాలేదా దానికి?"

"గాలి మార్పు కావాలంది."

"మా బండిలో గాలి మార్పా!" అని డ్రైవరు పగలబడి నవ్వి, ఫోను తీసుకుని తన పక్కన కొక్కేనికి వేలాడుతున్న ఎర్ర బకెట్లో వేశాడు.

ఆ మధ్యాహ్నం మీటరాయన కడ్డీ వదిలేశాడు. అయిదారు క్షణాలే. తరువాత మునిగి, నీళ్ళు మింగి, కోచ్ అమ్మాయి జబ్బ పట్టుకుని లాగితే పైకొచ్చాడు. అయినా సరే వదిలాడు. తిరిగొచ్చి ఫోను తీసుకుంటే అందులో, "శభాష్ మిత్రమా! ఈ రోజు మీ శ్రమ మాకు కనిపించింది" అని ఉంది. వారం తిరిగేసరికి ఆఫీసు గోడ మీది తెరలో ఆయన పేరు అందరికన్నా పైకి చేరింది. సూపరింటెండెంటు గారు భుజం తట్టి, "చూశావా, పైన ఒక కన్నుంటే మనిషి ఎలా పనిచేస్తాడో" అన్నారు.

పైకెక్కిన పేరే ఆయన కొంప ముంచింది. సహోద్యోగులు ఊరుకుంటారా? ఒక సాయంత్రం సైకిళ్ళ షెడ్డులో చుట్టుముట్టారు.

"నువ్వు మెట్లెక్కితేనే ఆయాసపడతావ్. నిన్న ఒక్క గంటలో పద్నాలుగు సందులు తిరిగావంటోంది తోడునీడ. ఏం తింటున్నావో చెప్పు, మేమూ తింటాం."

ఆయన చివరికి బకెట్ సంగతి చెప్పేశాడు. గంటసేపు తానేం చేస్తాడో మాత్రం చెప్పలేదు. వాళ్ళూ అడగలేదు, తమ గంటల గురించి వాళ్ళూ చెప్పలేదు. మర్నాడు ఇద్దరు తమ ఫోన్లు డ్రైవరుకిచ్చారు. ఆ పైవారం నలుగురు. చివరికి సెక్షను మొత్తం ఫోన్లు ఆ ఎర్ర బకెట్లో చేరి, మధ్యాహ్నం పూట షికారు చేయసాగాయి. శాఖ పనితీరు ఇంత ఎత్తున ఎప్పుడూ లేదని పైనుంచి ప్రశంస కూడా వచ్చింది.

మీటరాయనకు మాత్రం లోలోపల పీకుతూనే ఉంది. "అందరివీ ఒకే బండిలో వద్దయ్యా, అనుమానం వస్తుంది" అన్నాడు డ్రైవరుతో.

"వార్డుకి బండి ఒక్కటే సార్. నేనేం చేయను?" అన్నాడు డ్రైవరు. ఆ మాటా నిజమే.

ఆ వారం చివర్లో తోడునీడ కేంద్రాన్ని మంత్రిగారు ప్రారంభించారు. కొత్త మేడ, చల్లని గది, గోడంత తెర. ఉద్యోగి ఎక్కడుంటే అక్కడ ఆ తెర మీద ఒక పచ్చచుక్క. విలేకరులు వచ్చారు. సూపరింటెండెంటు గారు ఇస్త్రీ బట్టల్లో మంత్రిగారి వెనక వరసలో నిలబడ్డారు. అక్కడ జరిగింది మీటరాయనకు తరువాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఆ వేళకు ఆయన కొలనులో వెల్లకిలా తేలుతూ, ఆకాశం ఇంత పెద్దదని ఇన్నాళ్ళూ గమనించనందుకు ఆశ్చర్యపోతున్నాడు.

మంత్రిగారు మీట నొక్కగానే తెర వెలిగింది. ఊళ్ళోని చుక్కలన్నీ చెదురుమదురుగా ఉన్నాయి, ఒక్క నీటి శాఖ చుక్కలు తప్ప. అవన్నీ ముద్దగా ఒక్క చోట చేరి, నెమ్మదిగా, క్రమశిక్షణతో ఒకే దారిన కదులుతున్నాయి.

"అదేమిటి?" అన్నారు మంత్రిగారు.

కేంద్రం అధికారి తెర దగ్గరికి పరుగెత్తాడు. కేంద్రానికి పేరు తేవలసిన రోజది. "ఏదో గుమిగూడారు సార్. వింటాం సార్" అని ఆ ఫోన్ల మైకులు తెరిపించాడు. అన్ని ఫోన్ల నుంచీ ఒకే కేక, ఒకే గొంతుతో గది దద్దరిల్లింది. "చెత్తను బయటికి తీసుకురండి! ఇంట్లో దాచుకోకండి!"

"ఊరేగింపు!" అన్నాడు అధికారి. "నినాదాలు కూడా!"

అసలు జరిగిందేమిటంటే, ప్రారంభోత్సవంలో అందరూ తిని పారేసిన పళ్ళేలు ఎత్తుకుపోవడానికి రమ్మని చెత్తబండికి కబురెళ్ళింది. పాపం డ్రైవరు బుద్ధిగా బయలుదేరి వచ్చాడు. చుక్కల ముద్ద కేంద్రం వీధిలోకి తిరిగింది. గేటు దాకా వచ్చింది. అధికారి కిటికీ దగ్గరున్న గార్డును కేకేశాడు.

"ఎంతమంది ఉన్నారు?"

"ఎవరూ లేరు సార్. చెత్తబండి ఒకటుంది, అంతే."

"సరిగా చూడు! సెక్షను మొత్తం గేటు ముందే ఉన్నారు!"

"వీధి ఖాళీగా ఉంది సార్. కావాలంటే మీరే వచ్చి చూడండి."

"కిటికీలోంచి కాదయ్యా చూడాల్సింది. తెర చూడు!"

గార్డు తెర చూశాడు. చుక్కలున్నాయి. కిటికీ చూశాడు. మనుషుల్లేరు. ఉద్యోగం పోతుందన్న భయంతో, "ఉన్నారు సార్, కాకపోతే కనపడటం లేదు" అన్నాడు. కనపడని జనం కనపడే జనం కంటే ప్రమాదమని అధికారి వెంటనే గ్రహించి, మంత్రిగారిని వెనక గుమ్మం వైపు నడిపించాడు.

సరిగ్గా అప్పుడే మీటరాయన అక్కడికి చేరాడు. ఫోను తీసుకుందామని మామూలు సందులోకి వెళ్తే బండి లేదు. వెతుక్కుంటూ వెతుక్కుంటూ, మైకు కేక పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. తడి జుట్టు, ఎర్రని కళ్ళు, చంకలో సంచీ. బండి దగ్గరికి వెళ్ళి బకెట్లో చేయి పెట్టాడు. గేటులోంచి గార్డులు దూకి ఆయన్ను పట్టేసుకున్నారు. ఆ ఊరేగింపు మొత్తానికి కంటికి కనిపించింది ఆయనొక్కడే మరి. ఆయన్నీ, బకెట్‌నూ, డ్రైవరునూ మేడ మీది చల్లని గదిలోకి తీసుకెళ్ళారు.

"మిగతావాళ్ళేరి?" అన్నాడు అధికారి.

"ఎవరూ లేరు సార్. ఫోన్లే ఉన్నాయి, అదిగో బకెట్లో. నేనసలు ఈ వీధిలోనే లేను."

"అబద్ధం. నువ్వు గంట నుంచీ ఊరేగింపులో నడుస్తున్నావు. తోడునీడ తప్పు చెప్పదు."

ఎవరో వచ్చి ఉద్యోగం ఊడుతుందన్నారు, ఇంకెవరో జైలన్నారు.  దాచి లాభం లేదని మీటరాయన నిజం కక్కేశాడు. "ఈత నేర్చుకుంటున్నాను సార్. కొలనులో ఉన్నాను. నాకు ఈత రాదు." ఇన్నేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అనేశాక ఎక్కడో తేలికగా కూడా అనిపించింది.

అధికారి కోచ్ అమ్మాయికి ఫోను చేయించాడు. "అవునండీ, ఇందాకటిదాకా ఇక్కడే ఉన్నారు. ఇవాళే వెల్లకిలా తేలారు, పిల్లలూ నేనూ చప్పట్లు కూడా కొట్టాం" అందామె సంబరంగా. మనిషి కన్ను పొరపడుతుందని అధికారి పెట్టేశాడు. తరువాత ఇంటికి చేయించాడు. అందరికీ వినపడేలా పెట్టాడు.

"అమ్మా, మీ ఆయన ఈత నేర్చుకుంటున్నానంటున్నాడు. నిజమేనా?"

"నేర్చుకోవడమేమిటండీ?" అంది ఇల్లాలు. "మా ఆయన ఈతలో ఛాంపియన్!"

అధికారి మీటరాయన వైపు చూసిన చూపు మామూలు చూపు కాదు. మీటరాయన ఫోను మీదికి వంగి, ఏడుపు ఆపుకుంటూ, "నేనేనే, నిజం చెబుతున్నా విను. నాకు ఈత రాదు. అప్పుడు కోతలు కోశాను" అన్నాడు.

 ఇల్లాలి గొంతు గదిని అదరగొట్టింది. "ఏం చేశారండీ మా ఆయన్ని? ఈత రాదని ఆయన నోటే అనిపించేదాకా కొట్టారా? మీకు మనుషుల్లేరా, ఇళ్ళు లేవా? ఉండండి, మా తమ్ముణ్ణి తీసుకొస్తున్నా!"

అధికారి గబుక్కున ఫోను కట్టేశాడు. అప్పుడు బకెట్ మోగింది. చాలాసేపు ఒకే చోట ఉన్నందుకు అందులోని ఫోన్లన్నీ ఒకేసారి, "మిత్రమా! మీకేమైనా అయిందా?" అని అడగసాగాయి. ప్రాణాలతో ఉంటే ఒకటి నొక్కమని బకెట్‌ను వేడుకోసాగాయి. అధికారి ఒక్కొక్కటే తీసి చూస్తుంటే అడుగున కర్చీఫులో చుట్టిన ఫోను ఒకటి దొరికింది. తెర మీద దాని చుక్క అన్నిటికన్నా ముందుంది. దాని మీద రాసిన హోదా చూసి అధికారి మెల్లగా తల తిప్పాడు. గోడకు అతుక్కుని సూపరింటెండెంటు గారు నిలబడి ఉన్నారు.

"ఆయనదే సార్" అన్నాడు డ్రైవరు. "మధ్యాహ్నం కునుకు తీయాలి, ఎవరికీ చెప్పొద్దన్నారు. అందుకే మీటరు సార్‌కి కూడా చెప్పలేదు."

"మీరు ఊరేగింపు ముందు నడుస్తున్నారని తెర చెబుతోంది" అన్నాడు అధికారి. "ఇక్కడున్నారని నా కళ్ళు చెబుతున్నాయి. ఇంతకీ మీరెక్కడున్నారండీ?"

సూపరింటెండెంటు గారు చేతులు కట్టుకున్నారు. "తోడునీడ ఎక్కడంటే అక్కడే సార్" అన్నారు.

అధికారి తెర వైపూ ఆయన వైపూ మార్చి మార్చి చూశాడు. ఔనంటే ఎదురుగా ఉన్న మనిషి లేనట్టు. కాదంటే, ఇందాకే మంత్రిగారు ప్రారంభించిన గోడంత తెర అబద్ధం. అంతలో మంత్రిగారి సహాయకుడు పరుగున లోపలికొచ్చాడు. మీటరాయన కళ్ళు మూసుకున్నాడు.

"అభినందనలు!" అన్నాడు సహాయకుడు.

జరిగిందేమిటంటే, వెనక గుమ్మంలో విలేకరులు మంత్రిగారిని చుట్టుముట్టి ఆ చుక్కలేమిటని అడిగారు. మంత్రిగారికి ఇందాక కిటికీలోంచి చెత్తబండి తప్ప మరేమీ కనపడలేదు. ఏదో ఒకటి చెప్పాలి గనక, "మా నీటి శాఖ ఉద్యోగులు స్వచ్ఛందంగా చెత్తబండి వెంట తిరిగి వీధులు శుభ్రం చేస్తున్నారు. తోడునీడ ఉంటే మనుషులు ఇలా మారిపోతారు" అని సెలవిచ్చారు. మంత్రిగారు అన్నాక అది జరిగినట్టే.

అధికారికి ప్రాణం లేచొచ్చింది. "నేను మొదటి నుంచీ అదే అంటున్నాను, తోడునీడ తప్పు చెప్పదు" అని, మీటరాయనను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిప్పించాడు. మీటరాయన ఇంకా తేరుకోక, "కాని నేను కొలనులో..." అనబోయాడు. "మీరు వీధిలో ఉన్నారు. ఇంకెప్పుడూ అలా అనకండి" అన్నాడు అధికారి ఎంతో ఆప్యాయంగా.

ఇంటికెళ్ళేసరికి ఇల్లాలు టీవీ ముందు కళ్ళొత్తుకుంటోంది. "అంత ఛాంపియన్ అయ్యుండి చెత్త ఎత్తడానికి కూడా సిగ్గుపడలేదు మీరు" అంది. పక్కన బావమరిది కెమెరాలకు కనపడకుండా టోపీ ముక్కు దాకా లాక్కుని కూర్చుని ఉన్నాడు.

"అది కాదే, ఆ టైములో నేను కొలనులో..."

"ఊరుకోండి! వీధిలో ఉన్నారని ప్రభుత్వమే చెబుతుంటే కొలనేమిటండీ? పాపం, ఎంత బెదరగొట్టారో ఏమో."

మీటరాయనకు మెల్లగా విషయం తలకెక్కింది. ఆ గంట ఆయన ఎక్కడున్నాడో ఇక ఎవరూ కనిపెట్టలేరు. కళ్ళతో చూసి చెప్పినా ఎవరూ నమ్మరు. బావమరిది ఐదు దేశాలు తిప్పినా దొరకని చాటు, ప్రభుత్వం తనంతట తానే ముద్ర వేసి ఇచ్చింది. ఆ రాత్రి ఆయన హాయిగా, వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు.

హాయి ఎన్నాళ్ళో నిలవలేదు. సన్మానమన్నారు. వేదిక మీద నీటి శాఖ సిబ్బందిని వరసగా నిలబెట్టి చప్పట్లు కొట్టారు. కేంద్రం అధికారి నవ్వుతూ ప్రతి ఒక్కరి మణికట్టుకూ ఒక నల్లని పట్టీ తొడిగాడు. ఇక ఫోను మోసుకు తిరిగే శ్రమ లేదట. చేతికుంటే చాలట. కింద నాడి కొట్టుకుంటున్నంతసేపూ అదే చూసుకుంటుందట. నాడి తగలకపోతే కేంద్రంలో గంట మోగుతుందట. "నీళ్ళలో కూడా పనిచేస్తుంది" అని అధికారి మీటరాయనతో ప్రత్యేకంగా చెప్పాడు.

మీటరాయన కళ్ళ ముందు కొలను ఎండిపోయినట్టయింది. మనవరాలు వచ్చే వారమే వస్తోంది. తేలడం వచ్చింది గాని ముందుకు కదలడం ఇంకా రాలేదు. ఆ ఒక్క గంట పోతే తేలుతూ ఉన్నచోటే ఉండిపోయిన తాతయ్యను చూసి పిల్ల ఏమనుకుంటుంది? సభ ముగిశాక ఒంటరిగా వీధిలోకొచ్చి, పట్టీ వైపు చూసుకుంటూ నిలబడ్డాడు. ఆయన వెనకే సహోద్యోగులు ఒక్కొక్కరే వచ్చి, తమ తమ పట్టీలు చూసుకుంటూ నిలబడ్డారు. చివరికి సూపరింటెండెంటు గారు కూడా ఆవలింత ఆపుకుంటూ వచ్చి నిలబడ్డారు.

చెత్తబండి వచ్చి ఆగింది. డ్రైవరు వాళ్ళందరి ముఖాలూ చూశాడు, మణికట్లు చూశాడు. విషయం అడగలేదు. చొక్కా చేతిని భుజం దాకా మడిచి, చేయి చాచి, మణికట్టు నుంచి మోచేతి దాకా ఒకసారి కళ్ళతోనే కొలుచుకున్నాడు.

"సర్దుకోవచ్చు సార్" అన్నాడు. "సూపరింటెండెంటు గారిది మాత్రం ఎడమ చేతికి."

మర్నాటి నుంచి తోడునీడ తెర మీద నీటి శాఖ సిబ్బంది అందరి గుండెలూ ఒక్కటిగా కొట్టుకోసాగాయి.